పేనుబంకకు లొంగని ఖర్బూజ: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఖర్బూజ, పేనుబంక గురించే ఉన్నాయి. ఒకరు తమ చేను ఎందుకు బాగుందని అడిగితే, ఇంకొకరు ఎందుకు పాడైందని అడిగారు. మొక్కల ప్రజనన శాస్త్రంలో నేను పని చేసిన కాలమంతా ఖర్బూజ ఆకులు తిప్పి చూడటంతోనే గడిచింది. అందుకే మిగతా ఉత్తరాలను వచ్చే నెలకు ఉంచి, ఈసారి శీర్షిక మొత్తం దీనికే ఇస్తున్నాను.

మేడమ్ గారూ, పక్కపక్క సాళ్లలో రెండు కంపెనీల ఖర్బూజ హైబ్రిడ్‌లు వేశాను. ఒకదానికి పేనుబంక పట్టి ఆకులు ముడుచుకుపోయాయి, జిగురు కారి మసి కూడా పట్టింది. రెండోదానికి ఏ మందూ కొట్టలేదు. అయినా ఆకులు విప్పుకుని శుభ్రంగా ఉన్నాయి. నీళ్లు, ఎరువు రెండింటికీ ఒకటే. ఇదెలా సాధ్యం? (ఒక ఖర్బూజ రైతు)

మీ రెండో హైబ్రిడ్‌లో పేనుబంకను అడ్డుకునే జన్యువు ఉండి ఉంటుంది. దాని పేరు వ్యాట్. ఆ జన్యువు ఉన్న మొక్కకు నూగు ఎక్కువ ఉండదు, ఆకు మందంగా ఉండదు, వాసన మారదు. రెండు మొక్కలు పక్కపక్కన పెట్టి ఏది ఏదో చెప్పమంటే చూపుతో నేనూ చెప్పలేను. పురుగుకు మాత్రం మూతి గుచ్చిన కాసేపటికే తెలిసిపోతుంది.

ముందు పురుగు సంగతి చూద్దాం. ఖర్బూజ మీద గుంపులు కట్టేది ఎక్కువగా పత్తి పేనుబంక. శాస్త్రీయ నామం ఏఫిస్ గాసిపై. పత్తి, బెండ, వంగ, గుమ్మడి జాతి పాదులతో మొదలుపెట్టి కొన్ని వందల రకాల మొక్కల మీద బతకగలదు. వెచ్చని చోట దీనికి మగ పురుగు అవసరమే లేదు. ఆడ పురుగు గుడ్లు పెట్టకుండా నేరుగా పిల్లలను కంటుంది. పుట్టే పిల్లల కడుపులో అప్పటికే తర్వాతి తరం పెరుగుతూ ఉంటుంది. వాతావరణం కలిసొస్తే పిల్ల వారం రోజుల్లోనే తల్లవుతుంది. నాలుగు రోజులు చేను వైపు వెళ్లకపోతే ఐదో రోజు ఆకు కింద ఖాళీ లేకుండా పట్టి ఉండటానికి కారణం ఇదే.

వ్యాట్ ఉన్న మొక్క మీద ఈ లెక్క మూడు చోట్ల దెబ్బ తింటుంది. వచ్చి వాలిన పురుగుల్లో చాలా భాగం నిలవకుండా వెళ్లిపోతాయి. నిలిచినవి తక్కువ పిల్లలను కంటాయి, ఆ పిల్లలు కూడా సరిగ్గా ఎదగవు. మూడోది మీరు కళ్లారా చూసినదే. కొద్దో గొప్పో పురుగు ఉన్నా ఆకు ముడుచుకోదు. ఆకు విప్పుకుని ఉంటే పురుగుకు దాక్కునే చోటు దొరకదు, అక్షింతల పురుగు దాన్ని సులువుగా పట్టుకుంటుంది. ఈ మూడోదాన్ని చాలామంది చిన్న లాభంగా చూస్తారు. చేలో తిరిగిన మనిషిగా నేను దానికే ఎక్కువ విలువ ఇస్తాను.

లోపల ఏం జరుగుతుందో చూడటానికి మా రంగంలో ఒక పద్ధతి ఉంది. పేనుబంక వీపు మీద సన్నని బంగారు తీగను జిగురుతో అంటించి, మొక్క ద్వారా చాలా తక్కువ కరెంటు పంపిస్తాం. పురుగు మూతి కొన ఆకులో ఎక్కడుందో, అది ఉమ్ముతోందా తాగుతోందా అన్నది తెర మీద గీతల రూపంలో వస్తుంది. ఈ గీతల ముందు కూర్చుంటే పొద్దు ఎప్పుడు పోయిందో నాకు తెలిసేది కాదు. మామూలు ఖర్బూజలో మూతి కణాల సందుల్లోంచి దారి చేసుకుంటూ వెళ్లి, మొక్క చక్కెర రసం పారే నాళాన్ని చేరుకుంటుంది. అక్కడ కుదురుకున్నాక గంటల తరబడి తాగుతూనే ఉంటుంది. వ్యాట్ ఉన్న మొక్కలో నాళం దాకా వెళ్లిన పురుగు కూడా ఎక్కువ సేపు ఉమ్ముతూ, తక్కువ సేపు తాగుతూ, మూతి వెనక్కి తీసి మళ్లీ గుచ్చుతూ ఉంటుంది.

అదే సమయంలో గుచ్చిన దారి పక్కనున్న కణాలు మేలుకుంటాయి. తమ గోడల్లో కాలోజ్, లిగ్నిన్ అనే పదార్థాలను పేర్చుకుని గట్టిపడతాయి. కొన్ని కణాలు చనిపోయి పురుగు దారిని మూసేస్తాయి. ఇదంతా సూక్ష్మదర్శినిలో మాత్రమే కనిపించేంత చిన్న జాగాలో జరుగుతుంది. మీ కంటికి ఆకు ఆరోగ్యంగా, పచ్చగానే ఉంటుంది.

నేను డిగ్రీ వృక్షశాస్త్ర విద్యార్థినిని. వ్యాట్ జన్యువు పురుగునే కాక వైరస్‌ను కూడా ఆపుతుందని తరగతిలో చెప్పారు. పురుగుకీ వైరస్‌కీ సంబంధం లేదు కదా, ఒకే జన్యువు రెండింటినీ ఎలా ఆపుతుంది?

చాలా మంచి ప్రశ్న అమ్మా. నన్ను ఈ పంట దగ్గర కట్టిపడేసింది కూడా ఇదే.

ఖర్బూజను నిజంగా ముంచేది పేనుబంక తాగే రసం కన్నా అది మోసుకొచ్చే వైరస్‌లు. దోస మొజాయిక్ వైరస్, జుకినీ పసుపు మొజాయిక్ వైరస్, బొప్పాయి రింగు మచ్చ వైరస్‌లో గుమ్మడి జాతి పాదులకు సోకే రకం, ఇవన్నీ ఒకే తీరులో వ్యాపిస్తాయి. పురుగు కొత్త మొక్క మీద వాలగానే రుచి చూడటానికి పైపొర కణాల్లో మూతిని కొన్ని సెకన్ల పాటు గుచ్చుతుంది. రోగం ఉన్న మొక్కలో గుచ్చితే ఆ కొన్ని సెకన్లలోనే వైరస్ మూతికి అంటుకుంటుంది. పక్క మొక్కలో గుచ్చినప్పుడు అంతే వేగంగా దిగిపోతుంది. మందు కొట్టిన ఆకు మీద వాలిన పురుగు చనిపోయేలోపే వైరస్‌ను దించేసి ఉంటుంది. పురుగుమందుతో ఈ రకం వైరస్‌లను ఆపలేకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు ఫ్రాన్స్‌కి వెళ్దాం. అవిన్యోన్ పక్కనే ఉన్న మోన్‌ఫావే పరిశోధనా కేంద్రంలో హెర్వే లెకాక్, మిషెల్ పిత్రా, వారి సహచరులు 1979లో ఒక విషయం ప్రచురించారు. కొరియా నుంచి వచ్చిన సోంగ్వాన్ చార్మి అనే ఖర్బూజ రకానికి పత్తి పేనుబంక ద్వారా దోస మొజాయిక్ వైరస్ ఎక్కించాలని చూస్తే ఎక్కలేదు. పచ్చ పీచు పేనుబంక అనే వేరే జాతి పురుగు (పీచ్ పండ్ల చెట్టు మీదుగా వచ్చిన పేరు) ద్వారా అదే పని చేస్తే ఎక్కింది. ఆకు మీద రోగపు రసాన్ని చేత్తో రుద్దినా వైరస్ ఎక్కే వీలుంది. వ్యాట్ మొక్కలన్నిటిలోనూ తర్వాత ఇదే తీరు కనబడింది. అదే మొక్క, అదే వైరస్. తెచ్చిన పురుగు మారగానే ఫలితం తారుమారైంది.

దీని అర్థం ఏమిటో కాసేపు ఆలోచించు. మొక్క వైరస్‌ను గుర్తు పట్టడం లేదు. గుర్తు పడుతున్నది పత్తి పేనుబంకను, అంటే గుచ్చినప్పుడు అది వదిలే ఉమ్మిలో ఉన్నదాన్ని. గుర్తు పట్టగానే ఆ కణం, దాని చుట్టుపక్కల కణాలు తలుపులు వేసుకుంటాయి. సరిగ్గా అదే కణంలో వైరస్ కూడా దిగి ఉంది. అది అక్కడే చిక్కుకుపోతుంది, పక్క కణానికి పాకలేదు. పురుగు మీద మొక్కకు వచ్చిన కోపంలో వైరస్ కూడా పోతుందన్నమాట. పచ్చ పీచు పేనుబంక ఉమ్మిని ఈ జన్యువు పట్టించుకోదు కాబట్టి అది తెచ్చిన వైరస్ హాయిగా పాకిపోతుంది.

వ్యాట్ జన్యువు ఖర్బూజ ఐదో క్రోమోజోము మీద ఉంది. దాన్ని విడదీసి చదివిన ఫలితాలు 2014లో ప్రచురించారు. మొక్కలు శిలీంధ్రాలనూ బాక్టీరియానూ గుర్తు పట్టడానికి వాడుకునే ప్రొటీన్ల కుటుంబం ఒకటుంది. వ్యాట్ తయారు చేసే ప్రొటీన్ కూడా ఆ కుటుంబానిదే అని తేలింది. కణం లోపలే ఉండి, తెలిసిన శత్రువు ఆనవాలు తగలగానే హెచ్చరిక ఇచ్చే రకం. రసం పీల్చే పురుగును ఇదే కుటుంబం నుంచి వచ్చిన ప్రొటీన్ అడ్డుకోవడం టమాటాలోని ఎమ్‌ఐ జన్యువులోనూ కనిపిస్తుంది. పరీక్షలో రాయడానికి ఇది చాలు. పరీక్ష అయ్యాక ఒకసారి సోంగ్వాన్ చార్మి కథ మళ్లీ చదువు. 2012లో వెలువడిన ఖర్బూజ జన్యుపటం కోసం వాడిన మొక్కకు ఒక వైపు తల్లిదండ్రి ఈ రకమే.

పురుగు తినలేని ఆకు ఉన్న మొక్క కాయ మనం తినొచ్చా? మిద్దె మీద పెంచుతున్నాను, ఇంట్లో చిన్నపిల్లలున్నారు, కాస్త టెన్షన్‌గా ఉంది.

నిశ్చింతగా తినండమ్మా. ఈ మొక్క పురుగుకు విషం తయారు చేయడం లేదు. గుచ్చిన చోట కణాల గోడలు గట్టిపడతాయి, అంతే. కాలోజ్, లిగ్నిన్ మనం పండించే మొక్కలన్నిటిలోనూ ఉండే పదార్థాలే. ఈ జన్యువున్న ఖర్బూజలు కొన్ని దశాబ్దాలుగా మార్కెట్లో ఉన్నాయి. సాధారణ సంకరణంతో, అంటే ఒక పువ్వు పుప్పొడిని ఇంకో పువ్వుకు అద్ది తెచ్చిన గుణం ఇది.

చేదు వేరే సంగతి. గుమ్మడి జాతి మొక్కల్లో కుకుర్బిటాసిన్ అనే చేదు పదార్థాలు ఉంటాయి. వ్యాట్‌కు వాటితో సంబంధం లేదు. కాయ ఎప్పుడైనా విపరీతంగా చేదు తగిలితే మాత్రం, ఏ రకమైనా సరే, పిల్లలకు పెట్టకండి, మీరూ తినకండి.

పోయిన పంటలో పేనుబంక పట్టని హైబ్రిడ్ కాయ నుంచి విత్తనం తీసి పెట్టుకున్నాను. ఈసారి వేస్తే కొన్ని మొక్కలు బాగున్నాయి, కొన్నిటికి పురుగు నిండుగా పట్టింది. విత్తనం చెడిపోయిందా?

విత్తనం చెడిపోలేదు, జన్యువు పంచుకుపోయింది. వ్యాట్ ఒక్కటే జన్యువు, పైగా బహిర్గతమైనది. అంటే తల్లి నుంచో తండ్రి నుంచో ఒక ప్రతి వచ్చినా మొక్క పురుగును అడ్డుకుంటుంది. మీ హైబ్రిడ్‌లో ఒక్క ప్రతే ఉండి ఉంటుంది. దాని పువ్వులు తమలో తామే ఫలదీకరణం చెందితే వచ్చే పిల్ల మొక్కల్లో సగటున నాలుగింట మూడు వంతులకు ఆ గుణం వస్తుంది, ఒక వంతుకు రాదు. పక్క చేలోని మామూలు ఖర్బూజ పుప్పొడిని తేనెటీగలు తెచ్చి అద్దితే, అలా వచ్చిన గింజల్లో సగం మటుకే వస్తుంది.

మీకు ఓపికుంటే ఏ మొక్క ఏదో మీరే వేరు చేసుకోవచ్చు. మా ప్రయోగశాలల్లో చేసేదాన్ని కొంచెం సులభం చేసి చెబుతాను. నారు రెండాకుల దశలో ఉన్నప్పుడు, గుమ్మడి జాతి పాదు మీద ఉన్న పేనుబంకల్లోంచి రెక్కలు లేని పెద్ద పురుగులను మెత్తని, కొంచెం తడిపిన కుంచెతో ఎత్తండి. లాగకూడదు. ఆకులో గుచ్చి ఉన్న మూతి తెగిపోతే ఆ పురుగు ఇక బతకదు. కుంచెతో వీపు మీద చిన్నగా తడితే అదే మూతి తీసుకుంటుంది, అప్పుడు ఎత్తాలి. ఒక్కో మొక్క మీద పది చొప్పున వదలండి. మొక్కలు ఒకదానికొకటి తగలకుండా ఎడంగా పెట్టండి. మర్నాడు ఎన్ని నిలిచాయో, వారానికి ఎన్ని పిల్లలున్నాయో, ఆకు ముడుచుకుందో లేదో రాసుకోండి. పక్కనే ఖాయంగా పురుగు పట్టే రకం మొక్కలు కొన్ని తప్పనిసరిగా ఉంచాలి. వాటి మీద కూడా పురుగు పెరగకపోతే ఆ పరీక్ష లెక్కలోకి రాదు. పురుగుల తప్పో, ఎండ తప్పో అయి ఉంటుంది.

వారం తర్వాత రెండు గుంపులు చాలా స్పష్టంగా విడిపోతాయి. పురుగు పట్టిన మొక్కల లేత ఆకులు కిందికి గిన్నెలా వంగిపోతాయి. మిగతావి చాప పరిచినట్టు ఉంటాయి. ఆ దృశ్యం ఎన్నిసార్లు చూసినా నాకు కొత్తగానే ఉండేది.

పురుగును తట్టుకున్న మొక్కలను ఉంచుకుని మిగతావి తీసేయండి. కానీ హైబ్రిడ్ నుంచి తీసిన విత్తనంలో కాయ పరిమాణం, తీపి, వల కట్టిన తొక్క, అన్నీ చెల్లాచెదురవుతాయి. పేనుబంక సమస్య తీరినా కాయ మీరనుకున్నట్టు రాకపోవచ్చు.

విత్తన సంచి మీద ఐఆర్, ఏజీ అని ఉంది. పేనుబంకను తట్టుకుంటుందని షాపులో చెప్పారు. తీరా చూస్తే ఆకుల మీద రెక్కల పురుగులు కనిపించాయి. భయపడి వెంటనే మందు కొట్టాను. వారానికి ఇంకా ఎక్కువయ్యాయి. మోసపోయానా?

సంచి మీద రాసింది అబద్ధం కాకపోవచ్చు. ఏజీ అంటే ఏఫిస్ గాసిపై, అదే పత్తి పేనుబంక. ఐఆర్ అంటే మధ్యస్థ నిరోధకత. పురుగు పూర్తిగా రాదని ఆ మాటకు అర్థం కాదు. వచ్చినా మామూలు రకం మీద పెరిగినంతగా పెరగదని అర్థం. ఈ తేడాను షాపుల్లో ఎవరూ విడమరిచి చెప్పరు. రైతు దాన్ని హామీగా తీసుకుంటాడు. ఈ విషయం మీద నాకు చాలా బాధ ఉంది. సంచి మీదే రెండు వాక్యాల్లో స్పష్టంగా రాయవచ్చు.

రెక్కల పురుగులు ఏ మొక్క మీదైనా వాలతాయి. నిరోధకత వాటిని గాలిలో ఆపలేదు. వాలాక గుచ్చి చూస్తాయి, ఒకటి రెండు పిల్లలను వదులుతాయి, చాలావరకు వెళ్లిపోతాయి. మీరు చూడాల్సింది రెక్కలు లేనివాటిని. ఆకు తిప్పి, పిల్లలు పెద్దవవుతున్నాయా, కొత్త పిల్లలు వస్తున్నాయా అని నాలుగైదు రోజుల తేడాతో రెండుసార్లు చూడండి. పెరుగుదల లేకపోతే మొక్క తన పని తాను చేసుకుంటోంది. మందు అవసరం లేదు.

మీరు కొట్టిన మందు పేరు రాయలేదు. పైరిథ్రాయిడ్ రకం అయితే తర్వాత పురుగు పెరగడం సహజమే. అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగు పిల్లలు, సిర్ఫిడ్ ఈగ పిల్లలు, పేనుబంక ఒంట్లో గుడ్డు పెట్టే బుల్లి కందిరీగలు ఆ మందుకు పోతాయి. పేనుబంక మాత్రం చాలా చోట్ల ఇలాంటి మందులకు అలవాటు పడి ఉంది. చావని పురుగులు చికాకు పడి మొక్క నుంచి మొక్కకు తిరుగుతూ వైరస్‌ను పంచుతాయి. నిరోధకత ఉన్న ఖర్బూజలో పురుగు నెమ్మదిగా పెరుగుతుంది, ఆ నెమ్మదే మిత్ర పురుగులకు సమయం ఇస్తుంది. ఈ రెండూ కలిసి పని చేస్తేనే చేను నిలబడుతుంది. ఒకదాన్ని మందుతో చంపేసి రెండోదాన్ని పని చేయలేదని అనడం న్యాయం కాదు.

ఇంకో అవకాశం కూడా ఉంది, దాన్ని దాచను. వ్యాట్‌ను దాటగల పేనుబంక వంశాలు ఉన్నాయి. మగ తోడు లేకుండా పుట్టే పిల్లలన్నీ తల్లికి నకళ్లే. కాబట్టి దాటగల తల్లి ఒకటి వచ్చి స్థిరపడితే దాని సంతానం మొత్తం దాటగలదే. ఫ్రాన్స్‌లో వ్యాట్ ఖర్బూజలు సాగుచేసే ప్రాంతాల్లో ఇలాంటి వంశాలను గుర్తించి, వాటి కదలికలను పరిశోధకులు గమనిస్తున్నారు. ఒక చేలో ఒకే సమయంలో దాటగలవీ దాటలేనివీ కలిసి ఉంటాయి. అందుకే కొన్ని మొక్కల మీద మాత్రమే గుంపులు కనిపించవచ్చు. అలాంటి మొక్కలు కనిపిస్తే ఆ తీగ కొనలు తుంచి, సంచిలో వేసి బయటకు తీసుకెళ్లండి. సాళ్ల మధ్య పారేయకండి.

మిగతా జాగ్రత్తలు మీకు తెలిసినవే, మళ్లీ గుర్తు చేస్తాను. వెండి రంగు మల్చింగ్ షీటు మీద పడి తిరిగి వచ్చే వెలుతురు రెక్కల పురుగులను తికమక పెడుతుంది, తీగలు నేలను కప్పేదాకా బాగా పని చేస్తుంది. నాటిన రోజు నుంచి పూత వచ్చేదాకా సన్నని తెర కప్పవచ్చు. ఆడపూలు విచ్చుకునే వేళకు తెర తీసేయాలి, తేనెటీగ రాకపోతే కాయ నిలవదు. నత్రజని ఎక్కువ వేస్తే ఆకు లేతగా, రసం నిండుగా తయారై పేనుబంకకు విందు అవుతుంది. పాత పంట తీగలను కోత అయిపోగానే తీసేయాలి. కొత్త నారుకు వైరస్ అక్కడి నుంచే వస్తుంది.

తెల్లదోమ, తామర పురుగు, ఎర్ర గుమ్మడి పెంకు పురుగు, పండు ఈగ, వీటి విషయంలో వ్యాట్ మీద ఏ ఆశా పెట్టుకోకండి.

కీర దోసలో, పుచ్చలో కూడా ఈ జన్యువున్న రకాలు దొరుకుతాయా?

దొరకవు. వ్యాట్ ఖర్బూజ జాతిది. ఖర్బూజకు 24 క్రోమోజోములు, కీర దోసకు 14, పుచ్చకు 22. పువ్వుకు పువ్వు అద్ది ఖర్బూజ గుణాన్ని వాటిలోకి తేలేం. మన పసుపు దోసకాయ మాత్రం పేరుకే దోస, జాతి ఖర్బూజదే. ఖర్బూజతో సులువుగా సంకరం అవుతుంది కాబట్టి ఆ గుణాన్ని దానిలోకి తెచ్చుకునే దారి తెరిచే ఉంది. ఎవరైనా యువ ప్రజనన శాస్త్రవేత్త ఈ శీర్షిక చదువుతుంటే, ఆ పని మొదలుపెట్టమని నా విన్నపం.

పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. ఈ నిరోధకత మొదట ఎక్కడ దొరికింది? పిల్లలకు చెప్పాలని ఉంది.

ముందు భారతదేశం పేరు చెప్పండి మాస్టారూ. 1971లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు కిషాబా, బోన్, టోబా పేనుబంకను తట్టుకునే ఖర్బూజ గురించి ప్రచురించారు. ఆ గుణం భారతదేశం నుంచి వెళ్లిన విత్తనంలో ఉంది. దాని నుంచి వచ్చిన వంశాల్లో ఒకటి, విత్తన బ్యాంకులో పీఐ 414723 అన్న సంఖ్యతో ఉన్నది, ప్రపంచంలో ఖర్బూజ మీద పని చేసే ప్రతి ప్రయోగశాలకూ తెలుసు. పండగానే పగిలిపోయే కాయ రకం అది. పేనుబంకతో పాటు బూడిద తెగులునూ, కొన్ని వైరస్‌లనూ తట్టుకునే గుణాలు కూడా అందులో ఉన్నాయి. ఇవన్నీ ఒక మామూలు పాదులో ఉంటాయని మొదట దాన్ని సేకరించినవాళ్లు ఊహించి ఉండరు. కొరియా రకంలో దొరికిన వ్యాట్, ఈ భారతీయ రకంలో దొరికిన గుణం ఒకే చోటి జన్యువుకు చెందినవని తర్వాత తేలింది.

పిల్లలకు ఇంకొకటి చూపించండి. మన దేశంలో ఖర్బూజ జాతి మొక్కల్లో ఉన్నంత వైవిధ్యం చాలా తక్కువ చోట్ల ఉంటుంది. తియ్యగా ఉండేవి, చప్పగా ఉండేవి, పుల్లగా ఉండేవి, పొడుగ్గా పాములా ఉండేవి, గట్ల మీద తనంతట తాను మొలిచే బుడమకాయ, అన్నీ ఒకే జాతి. ఇందులో ఏ గింజలో ఏ పురుగుకు జవాబు ఉందో పరీక్షించి చూస్తే గాని తెలియదు. ఎవరూ కొనరని, రుచి లేదని వదిలేసిన రకాలు చూస్తుండగానే మాయమవుతున్నాయి. పిల్లల చేత వాళ్ల ఇళ్లలో ఉన్న పాత రకాల గింజలు తెప్పించి, పేరు, తెచ్చిన చోటు, పండిన నెల రాసి కాగితం పొట్లాల్లో పెట్టించండి. తేమ తగలని చోట, చల్లగా ఉంచితే ఖర్బూజ గింజలు కొన్నేళ్ల పాటు మొలకెత్తుతాయి. జాతీయ మొక్కల జన్యు వనరుల బ్యూరోకు ఉత్తరం రాస్తే తర్వాత ఏం చేయాలో వాళ్లు చెబుతారు.

పత్తి పేనుబంకకూ పచ్చ పీచు పేనుబంకకూ తేడా రైతుకు ఎలా తెలుస్తుంది?

పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం ఒకటి చొక్కా జేబులో పెట్టుకోండి. ఒంటి రంగును నమ్మకండి. పత్తి పేనుబంక ఒకే ఆకు మీద పసుపుగా, పచ్చగా, దాదాపు నల్లగా కూడా ఉంటుంది. ఎండ మండే రోజుల్లో చిన్నగా, పాలిపోయి కనిపిస్తుంది, చల్లగా ఉంటే పెద్దగా, ముదురు రంగులో ఉంటుంది. రెక్కలు లేని పెద్ద పురుగును ఎంచుకుని వెనక భాగం చూడండి. రెండు చిన్న గొట్టాలు పైకి లేచి ఉంటాయి. ఒళ్లు ఏ రంగులో ఉన్నా ఆ గొట్టాలు ముదురుగా, నల్లగా ఉంటే అది పత్తి పేనుబంక. గొట్టాలు ఒంటి రంగులోనే లేతగా ఉండి, మీసాల మొదళ్ల దగ్గర రెండు బుడిపెలు లోపలికి వంగి కనిపిస్తే అది పచ్చ పీచు పేనుబంక. దాని విషయంలో మీ ఏజీ రకం మీకు సాయం చేయదు. చేను గట్టు మీది కలుపు, పక్కనున్న వేరే పంటల ఆకులు కూడా తిప్పి చూడండి. అది చాలాసార్లు అక్కడి నుంచే వస్తుంది.